ముల్లంగి దీదీ అనుకున్న మాట

జనవరి, ఆదివారం

ఆయన డ్యూటీ మీద వెళ్లి పన్నెండు రోజులైంది. ఇవాళ కూడా ఫోన్ రాలేదు. ఒక్కదాన్నే జనక్‌పురిలో రైతుల సంతకి వెళ్లాను. హిందీ తప్పుగా మాట్లాడితే నవ్వుతారని అక్కడ నేను నోరు తెరవను. ఎప్పటిలాగే వేలు చూపించి ముల్లంగి, ఎర్ర క్యారెట్లు తీసుకున్నాను. అమ్మే దీదీ గుప్పెడు బతువా ఆకు ఊరికే నా సంచిలో వేసి, పక్కనున్నావిడతో "బేచారీ, గూంగీ హై" అంది. పాపం, నేను మూగదాన్నట! ఆ మాత్రం హిందీ నాకు అర్థమవుతుంది. కాదని చెప్పబోయి కూడా, తల ఊపి వచ్చేశాను.

వచ్చే ఆదివారం మాట్లాడితే ఇన్నాళ్లూ మోసం చేశాననుకుంటుందేమో. మాట్లాడకపోతే...

ఆ ఆకు పప్పులో వేసి వండాను. కంచం ముందు కూర్చుని, "ఉప్పు సరిపోయిందా?" అని పైకే అడిగాను. ఇవాళ నా గొంతు నేను విన్నది అప్పుడే.