అభిమాన కానుక

జనవరి 9

పింఛను ఫండ్ పుస్తకం చేతికొచ్చింది. రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి ఒంట్లో ఓపిక లేదు, కోపం మాత్రమే ఉంది.

నెల జీతం మీద మా ప్రెస్సు యజమాని తన వంతు కట్టాడు. ఏటా బడిపుస్తకాల సీజన్లో రెక్కలు ముక్కలు చేసుకుని మేం సంపాదించిన బోనస్ మీద మాత్రం ఏళ్ళ తరబడి కట్టలేదు. మొత్తం పదమూడు మందిమి. ముసలితనంలో నెలనెలా చేతికి రావలసినదాంట్లో అది చిన్న ముక్క కాదు.

ఆ ప్రెస్సులో ముప్ఫయ్యేళ్ళకు పైగా ప్రూఫులు చూశాను. ప్రొప్రైటర్ నా స్నేహితుడనుకున్నాను. నా పుస్తకాలు అడిగి తీసుకెళ్ళి, చదవడం ఆపినచోటల్లా మూల మడిచి తిరిగిచ్చేవాడు. పుస్తకాన్ని అలా మడిచేవాడు మనిషిని మడవడా?

జనవరి 11, ఉదయం

బైండింగ్ చెల్లెమ్మ వచ్చింది. ప్రెస్సులో అందరికీ ఆమె చెల్లెమ్మే. అచ్చయి వచ్చిన పదహారేసి పేజీల ఫారాలు కుట్టీ కుట్టీ కుడి బొటనవేలు వంకర తిరిగింది. అద్దె కట్టి కంటిచుక్కలు కొనుక్కునేసరికి ఫండ్ డబ్బు అయిపోతోందట. ఈ వయసులో మళ్ళీ ఇంటికి పని తెచ్చుకుని కుడుతోంది.

మాకు నోరుంది గానీ అన్నయ్యా, కాగితం మీద అది పనిచెయ్యదు, పన్నెండు మందిమీ నీ మీదే ఆశ పెట్టుకున్నాం, ఫండ్ ఆఫీసుకి నువ్వు రాయి అంది. రెండు పేజీలు రాసి చదివి వినిపించాను. ప్రొప్రైటర్ మొహం మాడిపోవాలి అంది. మా ఆవిడ లోపల్నుంచి, మాడటం తర్వాత, ముందు అర్థం కావాలిగా, ఆ రెండో పేరా ఏ భాషండీ అంది.

రెండో పేరా కొట్టేశాను.

జనవరి 12

అర్జీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. చాలా ఏళ్ళకి హాయిగా అన్నం తిన్నాను.

జనవరి 30

ఫండ్ ఆఫీసుకి చెల్లెమ్మా నేనూ వెళ్ళాం. ఆఫీసరమ్మకి ముప్ఫై ఉంటాయి. తాతగారూ అనబోయి, నాలుక్కరుచుకుని, సార్ అంది. ఓపిగ్గా చెప్పింది. చేసిన పనిని బట్టి ఇచ్చే బోనస్ జీతంతో సమానం, దాని మీద యజమాని తన వంతు కట్టి తీరాలి. పనితో సంబంధం లేకుండా ఇష్టమై ఇచ్చే కానుకైతే అక్కర్లేదు. మీ ప్రెస్సులో బోనస్ అన్నదే లేదండీ అంది.

పంతొమ్మిదేళ్ళ కిందటి సర్క్యులర్ ఒకటి తీసి చదివింది. 'యాజమాన్యం తన ఇష్టం మేరకు, ఏ పనితోనూ ముడిపెట్టక, ఆత్మీయతతో అందజేసే అభిమాన కానుక.'

ఎవరు రాశారో గానీ భలే రాశారు సార్, మా లాయర్లిద్దరు చూశారు, గోరు దూరే సందు లేదన్నారు అంది.

ఆ రాసినవాడి చెయ్యి పడిపోనూ అంది చెల్లెమ్మ.

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

ఆ వాక్యం నాది.

ఆ రోజు ప్రొప్రైటర్ తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదలు. బోనస్ అనే మాట మరీ మొరటుగా ఉందండీ, మీలాంటి చదువరి మన దగ్గరుండగా మనకెందుకీ అరువు మాట అన్నాడు. సీజన్లో ఎన్ని ఫారాలు తీస్తే అంతకి తగ్గట్టే ఇస్తాం, అదేం మారదు, పేరొక్కటే అన్నాడు. పొంగిపోయాను. మూడు రోజులు కూర్చుని చెక్కాను. 'ఏ పనితోనూ ముడిపెట్టక' అన్నది మాత్రం ఆయన అడిగి పెట్టించుకున్నాడు. ఎందుకని అడగలేదు. వాక్యానికి నడక కుదిరింది కదా అనుకున్నాను.

అబద్ధం. ఎందుకో తెలుసు. అంతా తెలియకపోయినా, అడగకుండా ఉండేంత తెలుసు.

ఫిబ్రవరి 4

చెల్లెమ్మకి ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 10

ప్రొప్రైటర్ ఇంటికొచ్చాడు. జుట్టుకి రంగు వేసుకున్నాడు, చెవులకి కూడా అంటింది. ఏమండోయ్ పండితులవారూ, నా మీదే అర్జీ రాశారట, శైలి బ్రహ్మాండంగా ఉందని మా లాయరు కూడా మెచ్చుకున్నాడు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. ఆ సర్క్యులర్ చిత్తుప్రతి నా బీరువాలో భద్రంగా ఉంది, అక్షరం అక్షరం మీ దస్తూరీ, అర్జీ వెనక్కి తీసుకుంటారా, అందరి ముందూ పెట్టమంటారా అన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ అడిగింది. చెప్పాను. ఆ వాక్యం ఇంటికి తెచ్చి మా అక్కావాళ్ళకి కూడా చదివి వినిపించారు, గుర్తుందా అంది.

నాకు గుర్తు లేదు.

ఫిబ్రవరి 11

ఆయన నోట వినకముందే నా నోట వినాలని చెల్లెమ్మ ఇంటికి వెళ్ళాను. మెట్ల కింది గది. కుట్టు ఆపకుండా విన్నది. చివర్లో దారం పంటితో తెంపింది.

సీజన్ డబ్బుతో ఇచ్చే చీటీ మీద అభిమానం అన్న మాట చూసే మేమెప్పుడూ పెంచమని అడగలేదన్నయ్యా, అభిమానంగా ఇచ్చేదాన్ని బేరమాడితే ఏం బాగుంటుందని ఒకళ్ళ నోరు ఒకళ్ళం మూసుకున్నాం అంది.

ఆయన నన్ను కూడా మోసం చేశాడమ్మా అన్నాను.

ఆయన మనవాడేం కాదుగా మోసం చెయ్యడానికి, మనవాడివి నువ్వు అంది.

మెట్లకి తల తగలకుండా వంగి బయటికొచ్చాను.

ఫిబ్రవరి 26

విచారణ. పదమూడు మందిమీ వెళ్ళాం. కుర్చీలు చాలక, మాతో అచ్చుమెషిన్ నడిపిన మెషిన్ మామ కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

ప్రొప్రైటర్ అన్నంత పనీ చేశాడు. చిత్తుప్రతి టేబుల్ మీద పరిచి, చూడమ్మా, వీళ్ళ మనిషే రాశాడు, కానుకేనని ఒప్పుకునే రాశాడు అన్నాడు. పన్నెండు జతల కళ్ళు నా వైపు తిరిగాయి. నేను కాగితం వైపు చూశాను. నా ముత్యాల్లాంటి అక్షరాలు.

ఆఫీసరమ్మ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుంది. ప్రూఫ్ రీడర్ ఏ మాటనీ అలికెయ్యడు. సన్నగా ఒక్క గీత కొడతాడు, కింద ఏముందో కంపోజ్ చేసేవాడికి కనబడాలి. ముప్ఫయ్యేళ్ళు నా అక్షరాలు చూసిన ప్రొప్రైటర్ ఆ గీత కింద ఎప్పుడూ చదవలేదు. ఆమె చదివింది. 'సీజన్లో తీసిన ఒక్కో ఫారానికి ఇంత చొప్పున ఇచ్చే బోనస్.'

ఇది కొట్టేసిందెవరు సార్ అంది. నేనే అన్నాను. కొట్టేశాక ఇచ్చే పద్ధతి మారిందా అంది. చివరి సీజన్ దాకా ఫారాల లెక్కేనమ్మా, పేరే మారింది అన్నాను. మరి ఎందుకు మార్చారు అంది.

ఆయన చెప్పాడని అనొచ్చు. అక్కడిదాకా నిజమే.

ఫండ్ కట్టక్కర్లేకుండా ఉండటానికి అన్నాను. అది నాకు తెలుసు, తెలిసే రాశాను, అలాగే రాసుకోండి అన్నాను.

పండితులవారూ, ఇది మీకు తగునా అన్నాడు ప్రొప్రైటర్. ఆయనకి తగదులెండి, మాకు గట్టిగానే తగిలింది అన్నాడు మెషిన్ మామ. ఎవరూ నవ్వలేదు.

సంతకం పెట్టి బయటికొచ్చేసరికి అందరూ దిగిపోతున్నారు. చెల్లెమ్మ ఒక్కతే వెనక్కి తిరిగింది. అన్నయ్యా అనలేదు. మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకోండి అంది.

ఇన్నేళ్ళూ నువ్వు అన్న మనిషి, మీరు అంది.

మార్చి 19

ఆర్డరు వచ్చింది. పదమూడు మందికీ, అన్నేళ్ళకీ కట్టమన్నారు. మూడో పేజీలో నా పేరు వేసి, ఈ సాక్షి నిజాయితీపరుడు అని రాశారు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

దిద్దలేదు.