పూత రాలుతుంది

మార్చి 4, మంగళవారం

అత్తయ్యను ఈరోజు డిశ్చార్జ్ చేశారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. నోరు తెరిస్తే "ఆ... ఆ..." అన్న శబ్దం తప్ప ఇంకేమీ రావడం లేదు. తెలివి మాత్రం పూర్తిగా ఉందట, మనం మాట్లాడేదంతా అర్థమవుతుందట. డాక్టర్ ఆ సంగతి చెబుతుంటే మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను వీల్‌చెయిర్ బ్రేకు ఎలా వెయ్యాలో నర్సును అడిగి నేర్చుకున్నాను.

ఇంట్లోకి రాగానే ఎడమ చేత్తో బాల్కనీ వైపు చూపించింది. కొడుకు మొహం కూడా చూడలేదు. మిరప మొక్కలు కావాలి ఆవిడకి.

మార్చి 6

బాల్కనీ గురించి రాయాలి. పెయింట్ డబ్బాలు, నూనె టిన్నులు, పగిలిన వాష్‌బేసిన్. అన్నిటికీ అడుగున మేకుతో చిల్లులు కొట్టి, మట్టి నింపి, మిరప వేసింది. పొడుగు కాయలవి కొన్ని, పొట్టి కాయలు ఆకాశం వైపు నిలబడేవి కొన్ని. వాడేసిన టీ పొడి, గుడ్ల పెంకులు, అన్నీ వాటికే. ఒకటికి పురుగు పడితే ఆ పూట భోజనం మానేసేది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నేను అక్కడ బట్టలు ఆరేసుకోవడమే గాని ఒక్క ఆకు ముట్టుకోలేదు.

ముట్టుకోనివ్వలేదు. నాకు రెండోసారి కడుపు పోయి ఆస్పత్రి నుంచి వచ్చిన వారం అది. కూరలోకి ఒక కాయ కోద్దామని చెయ్యి చాచాను. వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు ముట్టుకోకే. నీ చెయ్యి తగిలితే పూత రాలుతుంది" అంది. అరవలేదు. కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అంది.

ఆయన సోఫాలో కూర్చుని ఉన్నారు. టీవీ సౌండు పెంచారు.

మార్చి 7

మొక్కల పని నాదేనట. అమ్మ ప్రాణమంతా వాటిమీదే ఉంది, జాగ్రత్తగా చూసుకో అని చెప్పి ఆఫీసుకు వెళ్ళారు.

మార్చి 12, ఉదయం పదకొండు

ఒకటి కనిపెట్టాను. డబ్బాలో మట్టి ఎంతుంటుంది, తొందరగా ఎండిపోతుంది. ఎండెక్కేసరికి ఆకులన్నీ వేలాడిపోతాయి, తడిబట్ట తీగ మీద వేసినట్టు. సాయంత్రం కాసిని నీళ్ళు పడితే లేచి నిలబడతాయి. అంటే రోజుకు అర మగ్గు పోస్తే చాలు. చావవు. బాగుపడవు. రోజూ మధ్యాహ్నం ఒకసారి వాడిపోయి చూపిస్తాయి.

వీల్‌చెయిర్ సరిగ్గా బాల్కనీ గుమ్మంలో పెట్టాను. బ్రేకు వేశాను. మీకు ఇక్కడ గాలి బాగా తగులుతుంది అత్తయ్యా అన్నాను.

ఫోన్‌లో చదివాను. నీళ్ళు తక్కువైన మొక్క కాయకు ఘాటు ఎక్కువట.

మార్చి 19

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. కుడి చేతిలో కదలిక లేదంది. ఆశ మాత్రం వదలొద్దంది. అత్తయ్య గోళ్ళు, జుట్టు, పక్కబట్టలు చూసి, ఇంత శుభ్రంగా చూసుకునే కోడలు ఎంతమందికి దొరుకుతుందండీ అంది. నిజమే. ఒక్క పుండు పడనివ్వలేదు. వేళకు మందులు, వేళకు తిండి. నామీద ఎవ్వరూ వేలెత్తి చూపలేరు.

మార్చి 23, ఆదివారం

పూత రాలింది.

ఒక్కసారిగా కాదు. పొద్దున కాసిని, ఎండ వచ్చాక ఇంకాసిని. గోరంత తెల్లటి పూలు, కాడతో సహా ఊడి పడ్డాయి. చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తాను. పారేయబోయి ఆగాను. తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పోశాను. "చూడండి అత్తయ్యా, నేను చెయ్యి వెయ్యలేదు. వాటంతట అవే రాలాయి" అన్నాను.

చాలాసేపు నన్నే చూసింది. మరిచిపోలేదు. ఆ రోజు ఏమందో ఆవిడకు గుర్తుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారి మెడ దాకా వెళ్ళాయి. తుడుచుకోలేదు. ఎడమ చేత్తో ఆ పూలన్నీ ఒకచోటికి చేర్చి, అరచెయ్యి వాటిమీద కప్పింది.

నేను వంటింట్లోకి వెళ్ళి కడుపునిండా తిన్నాను.

మార్చి 24

నిద్ర బాగా పట్టింది. అదొక్కటే కొంచెం భయంగా ఉంది.

ఏప్రిల్ 2

మొక్కలు ఇలా అయిపోయాయేమిటని ఆయన ఇవాళ అడిగారు. ఆకుముడత తెగులు అన్నాను. నమ్మేశారు. సాయంత్రం మందు సీసా, స్ప్రే కొనుక్కొచ్చి, ముక్కుకు రుమాలు కట్టుకుని కొట్టారు కూడా.

ఆవిడ ఊరుకోలేదు. "ఆ... ఆ..." అంటూ ఎడమ చేత్తో మగ్గును చూపించింది, తర్వాత నన్ను చూపించింది. మళ్ళీ మగ్గు, మళ్ళీ నేను. మొహమంతా ఎర్రబడింది. ఆయన వచ్చి నా భుజం తట్టారు. చూశావా, కొడుకు ఎదురుగా ఉన్నా నిన్నే పిలుస్తోంది, అలవాటైపోయావు అన్నారు.

ఏప్రిల్ 9, మధ్యాహ్నం మూడు

ఒక కన్ను మూసుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎటు పోతున్నాయో తెలియడం లేదు.

అన్నం పెట్టాక మూతి తుడవడానికి వంగాను. ఆవిడ చెయ్యి నా చెంప మీదకు వచ్చింది. నిమురుతుందనుకున్నాను. సిగ్గు లేకుండా రాస్తున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను, మొహం ఇంకాస్త దగ్గరికి పెట్టాను కూడా. అప్పుడు కళ్ళు భగ్గుమన్నాయి. గుమ్మం పక్క డబ్బాలోంచి ఎప్పుడు తుంచిందో, వేళ్ళ మధ్య పండుమిరపకాయ చిదిపి పట్టుకుంది. రెండు కళ్ళలోనూ రుద్దింది. గింజలతో సహా. అరుస్తూ గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళాను. ఎన్ని నీళ్ళు కొట్టుకున్నా మంట దిగలేదు. ఆ ఘాటు నేను పెంచిందే.

తుడవడానికి తిరిగి వస్తే గాని అర్థం కాలేదు. అది కుడి చెయ్యి.

ఎప్పటి నుంచి కదులుతోందో ఆ చెయ్యి. దాచుకుంది.

ఫోన్ చేస్తే ఆయన ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చారు, ఫిజియో అమ్మాయిని కూడా పిలిపించారు. ఆ పిల్ల చేతిని అటూ ఇటూ తిప్పి, బొటనవేలు బాగా పట్టు ఇస్తోంది సార్ అని చప్పట్లు కొట్టింది. ఆయన వాళ్ళమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుని, ఆ మంట పెదవులకు తగిలి ఉఫ్ ఉఫ్ అన్నారు. ముగ్గురూ నవ్వారు. ఆవిడది సగం మొహమే నవ్వింది. నేను టవల్ అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. వంగేటప్పుడు కాస్త చూసుకోవాలి కదా అన్నారు నాతో.

ఏప్రిల్ 10

కళ్ళు వాచిపోయాయి. కోపం మాత్రం రావడం లేదు. ఈ ఇంట్లో నేనేం చేస్తున్నానో చూసేది ఆవిడ ఒక్కతే.

ఈరోజు ఆ అర మగ్గు కూడా పోయలేదు.

ఏప్రిల్ 14

వాష్‌బేసిన్‌లోవి పోయాయి. పెయింట్ డబ్బాల్లో రెండు మిగిలాయి.

ఏప్రిల్ 17, గురువారం

అత్తయ్యకు మాట వచ్చింది. ఆ రెండు డబ్బాల వైపు చూస్తూ "నీళ్ళు" అంది. ఆయన ఏడుస్తూ వంటింట్లోకి పరుగెత్తి గ్లాసు తెచ్చారు. తల తిప్పుకుంది. మళ్ళీ "నీళ్ళు" అంది, ఈసారి నన్ను చూసి.

బాగా దాహంగా ఉన్నట్టుంది, ఇంకా పట్టండి అన్నాను.

మింగలేదు. గడ్డం మీదుగా ఒళ్ళోకి కారిపోయాయి. చాలేమో అన్నారాయన. ఇంకో గ్లాసు నేనే తెచ్చాను.