ప్రకటనలు రాగానే

అక్కా,

నువ్వు పోయాక కూడా శనివారాలు టీవీ ముందే గడుస్తున్నాయి. ఇవాళ పాత సినిమా సగంలో కునుకు పట్టింది. లేచేసరికి బన్సీలాల్‌పేట్ మెట్లబావి మీద డాక్యుమెంటరీ వస్తోంది. చిన్నప్పుడు మనం చూసిన చెత్తకుప్ప అదేనంటే నువ్వు నమ్మవు, నిండా నీళ్లు. కళ్లు మండుతున్నా టీవీ కట్టేయబుద్ధి కాక సీరియల్ పెట్టాను.

నువ్వు మారేడ్‌పల్లిలో, నేను పద్మారావు నగర్‌లో ఒకే సీరియల్ చూస్తూ, ప్రకటనలు రాగానే ఫోన్ చేసుకునేవాళ్లం కదా. ఇవాళ కోడలు అత్తకు ఎదురుతిరగగానే ప్రకటనలొచ్చాయి. అలవాటుకొద్దీ నీ నంబరు నొక్కేశాను.

నీ కూతురు ఎత్తింది.

"అమ్మ ఫోన్ నా దగ్గర్నే ఉంది చిన్నమ్మా." అటు టీవీ పెట్టిన చప్పుడైంది. "ఏ చానెల్ పెట్టాలె, చెప్పు" అంది.

ఎదురుగా టీవీ మోగుతూనే ఉంది. ఆ చానెల్ పేరు మాత్రం నాకు గుర్తు రాలేదు.