ఇంటి పెద్ద పేరు

రత్నమ్మక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. హిందూపురం పెరిగి మన మల్బరీ తోట దాకా వచ్చింది. ఇక్కడ ఫ్యాక్టరీ కడతారట, బదులుగా ఊళ్లో ఇళ్లిస్తారట. మొన్న ఇళ్ల లెక్క రాసుకోవడానికి గుమాస్తా వచ్చాడు. మొగుళ్లు పోయినవాళ్లం, మొగుళ్లు వదిలేసినవాళ్లం ఏడుగురం ఒకే పొయ్యి మీద వండుకుంటున్నామంటే వింతగా చూశాడు.

"మీరంతా అక్కచెల్లెండ్లా?"

"కాదప్పా, కలిసి బతుకుతాండాం."

"అట్లయితే తలా ఒక చోట పెడతారు. ఒకే ఇల్లు కావాలంటే ఇంటి పెద్ద ఉండాల. ఎవరు?"

అలవాటుగా నీ పేరే నోట వచ్చింది. ఆయన రాసుకున్నాడు. నువ్వు లేవని చెప్పలేకపోయాను.

రేపు ఆఫీసరు వచ్చి రత్నమ్మతో మాట్లాడతాడట. "నేనే రత్నమ్మనని చెప్పు, ఆయనకేం తెలుస్తాది?" అంటోంది మన ఇంటి గంగమ్మ. అబద్ధం బయటపడితే మమ్మల్ని విడదీస్తారని నా భయం. నిజం చెప్పినా విడదీస్తారేమో.

నిజమే చెబుతానక్కా. ఇప్పుడు ఇంటి పెద్దను నేనని కూడా చెబుతాను. ఆ మాట తడబడకుండా రావాలని పొద్దుటి నుంచి పశువుల కొట్టంలో ఒక్కదాన్నే నిలబడి పైకి అనుకుంటున్నాను.

నీ
సుబ్బులు