ధూపం వేయనివారు ఇంకెవరైనా

నవంబర్ 14, గురువారం

ఆఫీసుకు వెళ్ళేసరికి బల్ల మీద కొత్త ఫైల్. పోయినవారు: తెరాషిమా కొయిచి, రిటైర్డ్ ట్రామ్ డ్రైవర్. పేరు చూసి ఎవరో అనుకోబోయాను. ఫోటో చూశాక అలా అనుకోవడం కుదరలేదు. మా నాన్న.

నాకు ఆరేళ్ళప్పుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. వేరే ఊరికి కాదు, ఇదే తొయామాలో, నది అవతలికి. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో ఒక్కసారి కూడా ట్రామ్ ఎక్కలేదు. బస్సులో వెళ్ళు, ట్రామ్‌లో తల తిరుగుతుంది అనేది అమ్మ. ఎందుకనేదో ఈరోజు తెలిసింది. తిట్టుకుందామంటే ఆవిడ కూడా పోయింది.

మధ్యాహ్నం ఆయన భార్య నోరికో గారి ఎదురుగా కూర్చున్నాను. అంత్యక్రియల్లో మైక్ దగ్గర నిలబడి స్క్రిప్ట్ చదవడం నా ఉద్యోగం. పోయినవారి గురించి ఇంటివాళ్ళను అడిగి నేనే రాసుకోవాలి. పిల్లలు ఎంతమంది అని అడగక తప్పదు. అడిగాను. మాకెవరూ లేరమ్మా, ఆయనకు నేను, నాకు ఆయన, అన్నారు. ఆ మాట తప్పకుండా చదువు తల్లీ, బతుకంతా అలాగే గడిచిపోయింది మాకు, అని నా చెయ్యి పట్టుకున్నారు. చల్లటి చెయ్యి. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

నా బ్యాడ్జీ మీద పూర్తి పేరుంటుంది. మియాకె సుజుయో. మియాకె అమ్మవాళ్ళ ఇంటిపేరు. సుజుయో ఆయన పెట్టింది. నోరికో గారు కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు. అరుదైన పేరమ్మా, బాగుంది, అన్నారు.

అంతే. అంటే ఆయన ఆ ఇంట్లో నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నవంబర్ 15, శుక్రవారం, పొద్దున

స్క్రిప్ట్ రాశాను. ట్రామ్, చేపల వేట, తాగితే పాడే పాట. ఆఖర్న పెర్సిమన్ పళ్ళు. ఏటా ఈ రోజుల్లో తనే పళ్ళన్నీ ఒలిచి, తాళ్ళకు కట్టి బాల్కనీలో ఎండబెట్టేవాడట. తొక్క మధ్యలో తెగకుండా ఒకే దండలా రావాలి. ఎండబెట్టే పండుకు అంత సింగారం దేనికయ్యా, ఎవరి మెడలో వేస్తావు అని ఆవిడ ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడట.

నా మెడలో వేసేవాడు.

ఆ సంగతి స్క్రిప్ట్‌లో లేదు. ఇంటివాళ్ళు చెప్పింది తప్ప ఒక్క ముక్క కూడా ఎక్కువ చదవకూడదు. కురమోచి గారి రూల్ అది. ఆయన మా బాస్. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుని, "మళ్ళీ" అన్న మాట కొట్టేశారు. చావు దగ్గర మళ్ళీ ఏంటమ్మా, ఇంకొకరిని పిలుస్తావా, ఇన్నేళ్ళొచ్చాయి ఇంకా నేర్పాలా, అన్నారు. పిల్లలు లేరన్న వాక్యం కింద మాత్రం టిక్కు పెట్టారు.

నిజం చెబితే ఈ స్క్రిప్ట్ నా తోటి ఉద్యోగి ఒకురా చేతికి పోతుంది. ఆస్తికోసం ఊడిపడిందని బంధువులు అంటారు. అన్నా పడతాను. కానీ రేపు ఆ పెద్దావిడకు మిగిలేది ఆ ఒక్క మాటే. దాన్ని నా నోటితో ఎలా లాక్కోను?

రాత్రి

ఆయన పెట్టె దగ్గర జాగారం పూర్తయింది. పెట్టె మూతకున్న చిన్న కిటికీలోంచి ముఖం చూశాను. చెవులు నావే.

నవంబర్ 16, శనివారం

చదివాను. "వారికి సంతానం లేదు. ఆయనకు ఆమె, ఆమెకు ఆయన." గొంతు వణకలేదు. సిగ్గులేని గొంతు, దానికి అలవాటైపోయింది. పెర్సిమన్ తొక్క దగ్గరికి వచ్చేసరికి పట్టేసింది. దగ్గులా కప్పేశాను.

తర్వాత ధూపం. ముందు నోరికో గారు, తర్వాత బంధువులు, ట్రామ్ డిపో వాళ్ళు, చేపల వేట స్నేహితులు. ఒక్కొక్కరే వచ్చి చిటికెడు పొడి నిప్పు మీద వేసి చేతులు జోడించారు. ఎవరు వేసినా నోరికో గారు తల వంచారు. నాకు మైక్ దగ్గర్నుంచి కదిలే హక్కు లేదు.

ఆఖర్న ఒక వాక్యం ఉంటుంది. ప్రతి స్క్రిప్ట్‌లోనూ ఉంటుంది. ఎన్ని వందలసార్లు చదివానో. ఏనాడూ వినలేదు.

"ధూపం వేయనివారు ఇంకెవరైనా ఉన్నారా?"

అడిగి ఆగాను. మామూలుగా రెండు క్షణాలు ఆగుతాం. ఈరోజు ఎంతసేపు ఆగానో తెలియదు. అందరూ వెనక్కి తిరిగి చూశారు, ఎవరైనా ఆలస్యంగా వచ్చారేమోనని. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. పక్కనుంచి కురమోచి గారు దగ్గారు.

కింది వాక్యం చదివాను. "ఎవరూ లేరు కనుక ఇంతటితో ముగిస్తున్నాం."

గుండె పగిలింది అని రాయడానికి సిగ్గుగా ఉంది, ఇలాంటి మాటలు రోజూ రాసేదాన్ని. పగిలింది.

బండి వెళ్ళిపోయాక కురమోచి గారు చీవాట్లు పెట్టారు. పండు దగ్గర ఏడుపేంటమ్మా, ఏడవాల్సిన చోట రాయిలా చదివి, అన్నారు. నోరికో గారు వెళ్ళేముందు నాకిమ్మని ఒక సంచి ఇచ్చి వెళ్ళారట. ఆయన ఒలిచిన ఆఖరి పళ్ళట. ఇంకా ఎండలేదు.

నవంబర్ 17

కిటికీకి కట్టాను. తినను.

నవంబర్ 18, సోమవారం

ఈరోజు వేరే ఇల్లు. టోఫు కొట్టు పెద్దాయన. నాకు ఏమీ కారు. ధూపం వేయనివారు ఇంకెవరైనా ఉన్నారా అని చదివాను. మైక్ ఆపేసి, నేనే వెళ్ళి వేశాను. ఆ ఇంటివాళ్ళంతా నాకు తల వంచారు.