అడక్కుండా వేసిన పేరు

ముమ్మిడివరం,
ఆదివారం.

అన్నయ్యా,

నన్ను అడక్కుండా నీ రీసెర్చ్ పేపర్లో నా పేరు వేశావు. నేను ఇచ్చిన అంకె తీసేసి, నేను ఇవ్వని అంకె పెట్టి, దానికి తోడు నా పేరు వేశావు. ఉత్తరాన్ని వందనాలతో మొదలుపెట్టకపోతే అమ్మ ఊరుకోదు, కానీ ఈ ఉత్తరం అమ్మ చూడదు.

ఫోన్ చేస్తే మాట మారుస్తావు. మెసేజ్ పెడితే చూసి వదిలేస్తావు. పోయిన నెల పేపరు కాపీతో పాటు నువ్వు పంపిన కొరియర్ మీద నీ హాస్టల్ అడ్రసు ఉంది. అందుకే కాగితం పట్టుకున్నాను. రేపు పొద్దున్నే కొరియర్‌లో వేస్తే మంగళవారానికి నీకు అందుతుంది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అమ్మ బీపీ సంగతి అడిగావు. డాక్టరుగారు మాత్ర మార్చారు, కళ్లు తిరగడం తగ్గింది. నాన్నగారు రిటైరయ్యాక కూడా స్కూలు టైముకే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చుంటున్నారు, ఎవరో పిలుస్తారన్నట్టు. నువ్వు పంపిన పాత కంప్యూటర్ ఎలా ఉందన్నావు. ఉప్పుగాలికి ఫ్యాను మళ్లీ పట్టేసింది. బజారులో చిట్టిబాబుగారు కొత్తది వేశారు. ఇదివరకు కరెంటు పోతే లెక్క మధ్యలో ఆగిపోయి మొదటికి వచ్చేది కదా, ఇప్పుడు ఆ బాధ లేదు. లెక్కలు వేయడం మానేశాను.

నీ కాపీ అందిన వారమే నాన్నగారు దాన్ని చర్చికి తీసుకెళ్లారు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు మైకులో చదివారు. "మన ప్రభాకరరావు మాస్టారి పిల్లలిద్దరి పేర్లూ విదేశీ పత్రికలో పడ్డాయండి. దీపక్ సంగతి మనకి తెలిసిందే. మన షైనీ ఇక్కడే రొయ్యల ల్యాబులో ఉద్యోగం చేసుకుంటా, ఇంటి దగ్గర కంప్యూటర్లో రసాయనాలు కలిపిందండి." అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి రాగానే ప్రసన్నకుమారి ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"కంప్యూటర్లో కలిపితే వాసనొస్తదేంటే?"

"రాదండి ఆంటీ."

"పొగ?"

"అదీ రాదండి."

"మరి కలిసిందని నీకెలా తెలిసిందే, నువ్వనుకోవడమేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా మొహానికి అలాగే అతుక్కుని ఉంది, తీయడానికి ఓపిక లేక.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, అసలు నువ్వు చేసిందేంటే అని. అమ్మకు ఎలా చెప్పానో నీకూ చెబుతాను. ఇటుపక్క రెండు సరుకులున్నాయి. అవి కలిసి అటుపక్కకు వెళితే మందుల కంపెనీలకు పనికొచ్చే సరుకవుతుంది. మధ్యలో గట్టు ఉంది. గట్టు ఎత్తుగా ఉంటే ఏదీ దాటదు. కొన్ని లోహాలు చిటికెడు వేస్తే గట్టు తగ్గుతుంది. పల్లాడియం బాగా తగ్గిస్తుంది కానీ బంగారంతో పోటీపడే లోహం. అన్నయ్య దాని బదులు కోబాల్టుతో చేశానంటున్నాడు. కోబాల్టు వేస్తే గట్టు ఎంత ఎత్తుంటుందో కంప్యూటర్లో లెక్కకట్టడం నా పని. అమ్మ విని, "ఎంతొచ్చిందే?" అంది. నేను పొయ్యి మీద పాలు చూసుకోమన్నాను.

నాకొచ్చింది ముప్ఫైనాలుగు కిలోకాలరీలు. నీ ఫ్లాస్కుకు నువ్వు ఇచ్చిన వేడికి అంత గట్టు ఏదీ దాటదు. అప్పుడే నీకు చెప్పాను. "సర్లేవే, నేను చూసుకుంటాను" అన్నావు. పేపర్లో ఇరవైనాలుగు ఉంది. ఆ గట్టు బొమ్మ మాత్రం నేను గీసిందే. గీత రంగు కూడా నేను ఎంచిన నీలమే. మధ్యలో గట్టును ఎవరో అరచేత్తో అదిమినట్టుంది.

నా లెక్క తప్పయి ఉండొచ్చు. డిగ్రీలో కెమిస్ట్రీ తప్పి మళ్లీ కట్టనిదాన్ని, వీడియోలు చూసి నేర్చుకున్నదాన్ని. ఒకసారి చార్జి తప్పు పెట్టి వారమంతా కంప్యూటర్ని తిప్పితే నువ్వే పట్టుకున్నావు. "పిచ్చిమొహమా, నీ కోబాల్టుకి ఎలక్ట్రాన్లు ఎవరు అరువిచ్చేరే?" అని ఆ పండగంతా ఏడిపించావు. నాకు వచ్చిన ప్రతిదీ ముందు నీ దగ్గర నేర్చుకున్నదే. అందుకే అడిగాను, ఇరవైనాలుగు వచ్చిన ఫైలు పంపమని. పంపుతానన్నావు. మళ్లీ అడిగాను, బొటనవేలు బొమ్మ పెట్టావు. మూడోసారి అడిగితే సాల్వెంటు సంగతి నీకు తెలియదులే అన్నావు. తెలియకపోతే చెప్పాలి. ఇంతకుముందు చెప్పేవాడివి.

ఇంకోటి ఉంది. వేసవిలో ఫోన్లో నువ్వే నవ్వుతూ అన్నావు, "ఒక పాత మాగ్నెట్ ఉందే, దానితో కలిపితేనే నా రియాక్షన్ వస్తోంది. కొత్తది వేస్తే రాదు. లక్కీ మాగ్నెట్. జేబులో పెట్టుకుని తిరుగుతున్నా" అని. ఫ్లాస్కులో తిరుగుతూ కలిపే ఆ తెల్లపూత ముక్క. నాకేం తెలుసు? ఊరికే అడిగాను.

"ఇంతకుముందు దాంతో ఏం చేసేవాడివి అన్నయ్యా?"

"మా సీనియర్ది. పల్లాడియం రియాక్షన్లన్నీ దాంతోనే..."

అక్కడ ఆగిపోయావు. "ఉంటానే, సార్ పిలుస్తున్నారు" అని పెట్టేశావు. ఏం జరిగిందో నాకు అర్థమవడానికి చాలా చదవాల్సి వచ్చింది. పాత మాగ్నెట్ పూత మీద గీతల్లో లోహం ఇరుక్కుంటుందట, మామూలుగా కడిగితే పోదట. నీ రియాక్షన్ జరిపింది ఆ ఇరుక్కున్న పల్లాడియమే అయితే కోబాల్టు అందులో ఊరికే కూర్చున్నట్టు. ఇది నీకు అర్థం కాలేదని మాత్రం నాతో అనకు. నువ్వు ఆగిపోయిన చోట నేను విన్నాను.

ఎందుకే ఇంత పట్టింపు అంటావు. ల్యాబులో జరిగింది నీకు చెప్పలేదు. సీడు అమ్మే బాపిరాజుగారు రొయ్యపిల్లల శాంపిలు తెచ్చారు. టెస్టులో తెల్లమచ్చ రోగం పాజిటివ్ వచ్చింది.

"అమ్మాయిగారూ, పాజిటివ్ అంటే రైతు తీసుకోడండీ. నెగటివ్ అని ఓ ముక్క కొట్టేయండి. ఎలాగూ చెరువులో పడ్డాకే కదండీ తెలిసేది."

"అప్పుడు రైతు ఆ కాయితం పట్టుకుని నా దగ్గరికే వస్తాడండి. కింద పేరు నాదండి."

"ఆయ్, మాస్టారి పోలికేనండీ. బతకనివ్వరు."

నెగటివ్ రాయలేదు. ఓనరుగారు నన్ను టెస్టుల నుంచి తీసి సీసాలు కడగడానికి పెట్టారు. ఇప్పటికీ అదే చేస్తున్నాను. రోజంతా నీళ్లలో నాని చేతులు తెల్లబడిపోతున్నాయి. ఆ బాపిరాజుగారికి ఇవ్వనిది నువ్వు నా దగ్గర చెప్పకుండా తీసుకున్నావు. ఆయన కనీసం అడిగాడు.

పేపరు కింద నా మెయిలు కూడా ఇచ్చావు. లెక్క గురించి సందేహాలుంటే నన్ను అడగమని. అడిగారు. అస్సాంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి రాసింది. నన్ను డాక్టర్ షైనీ మేడమ్ అంది. మీ లెక్క చూసి ధైర్యం చేసి మొదలుపెట్టాను మేడమ్, ఎన్నిసార్లు చేసినా రావడం లేదు, నీ చేతుల్లోనే ఏదో లోపముందని మా సార్ అంటున్నారు, ఈ ఏడాది ఏమీ చూపించలేకపోతే నా స్కాలర్‌షిప్ ఆపేస్తారు, నేనెక్కడ తప్పు చేస్తున్నానో దయచేసి చెప్పండి అని. చదివి, ఫోను బోర్లా పెట్టి, సీసాలు కడుక్కున్నాను. ఆ అమ్మాయికి నేను ఇంకా జవాబు ఇవ్వలేదు. ఏమని ఇవ్వను? నీ చేతులు మంచివే, మా అన్నయ్య దగ్గర లక్కీ మాగ్నెట్ ఉంది అని రాయనా?

ఇంతసేపూ రాయకుండా దాటేస్తున్నది ఒకటుంది. కాపీ వచ్చిన రోజు నాకు ఎంత సంతోషమయిందో నీకు తెలియదు. బొమ్మ దాకా తిప్పలేదు. మొదటి పేజీలో మీ సార్ పేరు, నీ పేరు, పక్కన నా పేరు చూశాను. ఆ పేజీ ఒక్కటే జిరాక్స్ తీయించి బైబిల్లో పెట్టుకున్నాను. వాక్యం చదువుతున్నట్టు తెరిచి పేరు చూసుకునేదాన్ని. అమ్మ వెనకనుంచి చూసి నాకు భక్తి పెరిగిందనుకుంది.

ఆ పేరు పట్టుకునే హైదరాబాదులో ఒక చిన్న కంపెనీకి రాశాను. మందుల అణువులకు ఇలాంటి లెక్కలే వేస్తారు. డిగ్రీ లేకపోయినా పేపరుంది కదా అని ఇంటర్వ్యూకి పిలిచారు. గురువారం, వీడియోలో. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ సీసాల నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనిపిస్తోంది. వాళ్లు మెయిల్లో రాశారు, ఆ ఇరవైనాలుగు ఎలా వచ్చిందో వివరించడానికి సిద్ధంగా ఉండమని.

నువ్వు నాకు మేలు చేద్దామనుకున్నావు, అది కూడా తెలుసు. చెల్లి పేరు వేస్తే దానికీ ఓ దారి దొరుకుతుందని అనుకుని ఉంటావు. దారి దొరికింది, చూశావుగా. ఆ దారిలో మొదటి ప్రశ్నకే నేను అబద్ధం చెప్పాలి. నాకు అలసటగా ఉంది అన్నయ్యా. నిన్ను తిట్టడానికి కూడా ఉన్న ఓపికంతా కూడదీసుకుని రాస్తున్నాను. నిజం బయటికొస్తే నీ థీసిస్ ఆగుతుంది, మీ సార్ నీ మొహం చూడరు, నాన్నగారు చర్చిలో తలెత్తలేరు. ఇవన్నీ ఆలోచించాకే పెన్ను పట్టుకున్నాను.

ఇరవైనాలుగు నిజంగా వచ్చి ఉంటే ఆ ఫైలు పంపు. నేనిక్కడ తిప్పి చూసుకుంటాను. వస్తే నీ కాళ్లు పట్టుకుంటాను. రాలేదంటే, కొత్త మాగ్నెట్‌తో రాలేదన్న సంగతి మీ సార్‌కి చెప్పి, పేపరు వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు ఉత్తరం రాసి, దాని కాపీ నాకు పంపు. బుధవారం సాయంత్రం ఆరింటిదాకా చూస్తాను. ఏదీ రాకపోతే ఆ అస్సాం అమ్మాయికి నాకు తెలిసిందంతా రాసేస్తాను. గురువారం వాళ్లడిగితే ముప్ఫైనాలుగనే చెబుతాను.

బుధవారం, ఆరింటికి. ఫోన్ చేయకు, ఫైలో కాపీయో పంపు.

ఇట్లు,
నీ చెల్లెలు,
డాక్టరు కాని షైనీ