అడుగున మూడు చుక్కలున్న గిన్నె గురించి

తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వంటగిన్నెల్లో సీసం కలవకుండా చూడమని నాలుగోసారి పెట్టుకుంటున్న అర్జీ.

1. నా మనవరాలికి నాలుగేళ్లు. ఏడాదిగా కడుపునొప్పి. వచ్చిన మాటలు కూడా మర్చిపోతోంది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేసి సీసం ఉందని తేల్చింది. "తాతగారూ, ఇంట్లో దేంట్లో వండుతారు?" అంది. సత్తుగిన్నెలో అన్నాను. "ముందు దాన్ని పరీక్ష చేయించండి" అంది.

2. గిన్నె తెచ్చి తమ ఆఫీసులో ఇచ్చుకున్నాను. గుమాస్తాగారు "పెద్దాయనా, మేం చూసేది తిండిని. గిన్నెని తింటారా ఎవరైనా?" అని నవ్వి, తూనికల వాళ్ల దగ్గరికి పొమ్మన్నారు. వాళ్లు తూచి, బరువు సరిగ్గానే ఉంది పొమ్మన్నారు. సీసం కలిస్తే బరువు ఎక్కడ తగ్గుతుందండీ?

3. మళ్లీ రెండుసార్లు వస్తే, "తయారీదారు పేరు, చిరునామా లేనిదే పరీక్షకు పంపుటకు వీలులేదు" అని రాసి అర్జీ తిప్పికొట్టారు. గిన్నె మాత్రం అట్టిపెట్టుకున్నారు.

4. కావున ఆ వివరం ఇస్తున్నాను. గిన్నె అడుగున మూడు చుక్కలుంటాయి. ఆ గుర్తు నాది. నలభై ఏళ్లు పాత సామాను కరిగించి గిన్నెలు పోశాను. కరుగు అచ్చులో నునుపుగా పారుతుందని పాత బ్యాటరీలోని సీసం పలక ఒకటి వేసేవాణ్ణి. మా మేస్త్రీ నేర్పిన పద్ధతి. ఒక్క గిన్నె ఓటుపోలేదు, ఒక్కడు తిరిగి తేలేదు. కోడలు కాపురానికి వచ్చినప్పుడు, మనింటి గిన్నె కదా అని రెండు పలకలు వేశాను.

5. ఇంట్లో మిగతావన్నీ అటకెక్కించాను. "మామయ్యా, అవి మీరు పోసినవే కదా, వాటికేమైంది?" అంటోంది కోడలు. ఆ పిల్లకి చెప్పే నోరు లేక తమకు రాస్తున్నాను.

నామీద కేసు రాసుకోండి. కానీ గిన్నెలో సీసం ఉండకూడదని రూలు పెట్టండి. మా వీధిలో ఇంకా ఎనిమిది కొలుములు మండుతున్నాయి. "చెయ్యి వణికి మానేసినోడివి, మాకు చెప్పొచ్చావా" అంటున్నారు. నా మాట వినరు, తాళం వేస్తే వింటారు.

తమరు చిత్తగించి, ఈసారి కాగితం కాక మనిషిని పంపవలెను.

తమ విధేయుడు,
గిన్నెలు పోసిన ముసలాడు
(చిరునామా పాత అర్జీల్లో మూడుసార్లు ఇచ్చిందే)

తా.క. నిన్న తమ గది ముందు కూర్చున్నప్పుడు అటెండరు తమకు టీ పట్టుకెళ్లాడు. అనుమానమొచ్చి వెనక గదిలోకి వెళ్లి, కాచిన గిన్నె తిరగేసి చూశాను. మూడు చుక్కలు. అయ్యా, ముందు ఆ టీ మానండి.